ఉత్తరము వ్రాయలేని చదువు

ఆంధ్రప్రదేశమున 2024-25 నుండి పదవ తరగతికి 'ఫస్ట్ ఫ్లైట్' ఆంగ్ల వాచకముగా నున్నది. అందలి మొదటి పాఠము 'ఎ లెటర్ టు గాడ్'. వడగండ్లచే పైరంతయు పోగొట్టుకొనిన లెంచో యను రైతు 100 పెసోలు పంపుమని దేవునికి జాబు వ్రాయును. తపాలా యుద్యోగులు జాలిపడి, చందా వేసికొని, 70 పంపుదురు. తక్కినవి వారే కాజేసిరని యాతడు మరల వ్రాయును!

పాఠము మంచిది. కోనసీమ పిల్లలకిది పరాయి కథయు గాదు. 1996 నవంబరు 6వ తేదీ తుపానునకు కొబ్బరితోటలు కూలినది యీ సీమయందే. 2011లో రైతులు పంట విరామము ప్రకటించినదియు నిచ్చటనే.

లోపము పాఠమున లేదు, అభ్యాసమున గలదు. లెంచో గుణగణములను గైడు చూచి వ్రాసిన విద్యార్థికి మార్కులు వచ్చును. తోట పడిపోయినది, నష్టపరిహార మిప్పింపుడని తహశీల్దారునకు నాలుగు వాక్యములు వ్రాయుమన్నచో నా కలమే కదలదు. పిల్లలు నిండిన తరగతిలో ఉపాధ్యాయునకు తీరిక యేదని కొందఱందురు. నిజమే. కాని పాఠమునకొక్క సొంత రచన చాలును గదా! ముందు తుపాను ముచ్చట అమ్మమ్మ నడిగి తెలుగున వినవలెను. పిమ్మట ఆంగ్లమున వ్రాయవలెను. భావమును మొదట, వ్యాకరణమును తరువాత దిద్దవలెను.

లెంచో తన కష్టమును తన మాటలలో వ్రాసెను. కావుననే చదివినవారి మనసు కరిగెను. తల్లిదండ్రులారా, మార్కులెన్నియని యడుగుటకు ముందు, మీ కుమార్తెచే, మీ కుమారునిచే నొక యుత్తరము వ్రాయించి చూడుడని మా మనవి.