పుస్తకం మూసి చదివే గంట

సంక్రాంతి సెలవులు అయిపోగానే పదో తరగతి పిల్లల రోజు తీరే మారిపోతుంది. బడి గంట కొట్టకముందే ఒక ప్రత్యేక తరగతి, బడి వదిలాక ఇంకొకటి. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేలోగా ట్యూషన్ వేళవుతుంది. అక్కణ్నుంచి వచ్చి అన్నం తిని, హోంవర్కు ముగించేసరికి పది దాటుతుంది. అసలు చదువు అప్పుడు మొదలవుతుంది. ఒళ్లో సోషల్ పుస్తకం, కళ్ల నిండా నిద్ర, పక్క గదిలోంచి "ఇంకాసేపు చదవమ్మా" అని అమ్మ గొంతు.

ఇంత తీరిక లేని పిల్లకు టైమ్ టేబుల్ వేసుకోమని సలహా ఇచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. గోడకు అంటించిన ఆ కాగితం మీద తెల్లవారుజాము నాలుగున్నర నుంచి రాత్రి పదకొండు దాకా గళ్లన్నీ నిండే ఉంటాయి. ఏ గడిలో ఏ సబ్జెక్టో రాసి ఉంటుంది. ఆ గంటలో కూర్చుని ఏం చేయాలన్నది మాత్రం ఎక్కడా రాసి ఉండదు. కాలం వృథా అయ్యేది అక్కడే.

పిల్లల మీద భారం పెరిగిందన్న బెంగ ఈనాటిది కాదు. ప్రొఫెసర్ యశ్‌పాల్ అధ్యక్షతన వేసిన కమిటీ 1993లోనే ఈ సంగతి ప్రభుత్వం ముందు పెట్టింది. వీపు మీద సంచి కన్నా, చదివింది అర్థం కాకపోవడమే పిల్లలకు పెద్ద బరువని ఆ నివేదిక తేల్చింది. ఆ తర్వాత 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం హోంవర్కుకూ హద్దు గీసింది. రెండో తరగతి దాకా హోంవర్కే వద్దు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు గంట, తొమ్మిది నుంచి పైతరగతులకు రెండు గంటలు మించకూడదు. మన బడుల్లో ఈ హద్దు ఎంతవరకు పాటిస్తున్నారో ప్రతి ఇంటికీ తెలుసు. అయినా ఆ రెండు గంటల లెక్క దగ్గర ఆగి ఆలోచించాలి. పిల్లకు నిజంగా దొరికేది రెండు గంటలే అయితే, వాటిని ఎలా వాడాలి?

ఎక్కువ మంది చేసేది మళ్లీ మళ్లీ చదవడం. ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీయడం, పసుపు రంగు పూయడం, పేజీ తిప్పడం. కళ్లకు అలవాటైన వాక్యం వచ్చేసినట్టే అనిపిస్తుంది. ఆ అనిపించడం ఎంత నమ్మదగిందో చూద్దామని 2006లో అమెరికాలో, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ ఒక ప్రయోగం చేశారు. విద్యార్థులకు చిన్న పాఠం ఇచ్చారు. ఒక జట్టు దాన్ని సగటున పద్నాలుగు సార్లు చదివింది. ఇంకో జట్టు మూడు నాలుగు సార్లే చదివి, ఆ తర్వాత మూడు విడతలు పాఠం చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద పెట్టింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివిన జట్టుదే పైచేయి: 83 శాతం, 71 శాతం. వారం గడిచాక లెక్క తారుమారైంది. పద్నాలుగు సార్లు చదివినవాళ్లకు 40 శాతం మిగిలింది, చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం. విచిత్రమేమిటంటే, తమకు బాగా గుర్తుంటుందని ధీమాగా చెప్పింది మొదటి జట్టే.

2013లో మరో పరిశోధక బృందం విద్యార్థులు వాడే పది పద్ధతులను జల్లెడ పట్టింది. గీతలు గీయడం, తిరిగి తిరిగి చదవడం అడుగున తేలాయి. తనను తాను పరీక్షించుకోవడం, చదువును కొన్ని రోజుల మీద పరచుకోవడం, ఈ రెండూ పైన నిలిచాయి.

మన ఇళ్లకు ఇది తెలియని విద్య కాదు. ఎక్కాలు, శతక పద్యాలు, తెలుగు నెలలు, తిథులు, నక్షత్రాలు, ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై సంవత్సరాల పేర్లు, అన్నీ పాత తరం అప్పజెప్పే నేర్చుకుంది. అరుగు మీద తాతయ్య చేతిలో పుస్తకం, ఎదురుగా చేతులు కట్టుకుని మనవడు. తడబడితే తాతయ్య ఒక మాట అందించేవాడు, మనవడు మళ్లీ అందుకునేవాడు. మన అవధాన విద్య నిలబడిందీ ఈ పునాది మీదే. అష్టావధాని సమస్యకో దత్తపదికో ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చెప్పి, మిగతా పృచ్ఛకుల దగ్గరికి వెళ్లి, మళ్లీ తిరిగి వచ్చి అందుకుంటాడు. మధ్యలో మోగే గంటలు లెక్కపెట్టాలి, అప్రస్తుత ప్రసంగానికి జవాబివ్వాలి. చివరికి ధారణలో పద్యాలన్నీ వరసగా ఒప్పగిస్తాడు. ఆయన చేతిలో కాగితం ఉండదు. విరామం తర్వాత మనసులోంచి తవ్వి తీయడమే ఆ సాధన.

అర్థం తెలియకుండా బట్టీ పట్టి ఒప్పగించడం మాత్రం ఆ పాత పద్ధతిలో ఉన్న లోపం. ఇప్పటి పిల్లలు మాటకు మాట అప్పజెప్పనక్కర లేదు, సొంత మాటల్లో చెప్పగలిగితే చాలు.

జీవశాస్త్రంలో గుండె పాఠమే తీసుకుందాం. బడిలో చెప్పిన రోజు రాత్రే ఒకసారి శ్రద్ధగా చదివి పుస్తకం మూసేయాలి. రఫ్ నోట్సులో బొమ్మ గీయాలి. కర్ణికలు, జఠరికలు, కవాటాలు, రక్తం వచ్చే దారి, పోయే దారి, అన్నీ గుర్తున్నంత మేరకు. ధమనులన్నిట్లో ఆక్సిజన్ ఉన్న రక్తమే పారుతుందని రాసి పుపుస ధమని దగ్గర పొరబడితే, పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి. ఈ పనంతా ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. అలా దిద్దుకున్న తప్పు గీత గీసిన వాక్యం కన్నా గట్టిగా మనసులో నిలుస్తుంది. మూడో రోజు ఐదు నిమిషాలు, వారానికి ఇంకో ఐదు నిమిషాలు అదే బొమ్మ చూడకుండా గీస్తే, మార్చిలో ఆ పాఠానికి రాత్రంతా మేలుకోవలసిన పని ఉండదు. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో తేల్చిన సంగతీ ఇదే. నేర్చుకున్న తొలి గంటల్లో మరపు వేగంగా వస్తుంది, ఎడం ఇచ్చి మళ్లీ నేర్చుకుంటే తక్కువ శ్రమతో నిలుస్తుంది.

లెక్కల్లో ఇంకో కిటుకు ఉంది. త్రికోణమితి అభ్యాసం మొత్తం ఒకే ఊపులో చేస్తే పదో లెక్క దగ్గర చెయ్యి తనంతట తానే నడుస్తుంది. ప్రశ్నపత్రంలో మాత్రం లెక్క పైన అధ్యాయం పేరు ఉండదు. శ్రేఢుల నుంచి రెండు, వర్గ సమీకరణాల నుంచి రెండు, నిరూపక జ్యామితి నుంచి రెండు కలిపి చేస్తే, ఏ లెక్కకు ఏ దారి పట్టాలో ఎంచుకోవడం కూడా అలవాటవుతుంది.

పొట్టి విరామాలకు చీటీలు పనికొస్తాయి. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత 1972లో ఈ పద్ధతికి ప్రచారం తెచ్చాడు. చీటీకి ఒక వైపు ప్రశ్న, రెండో వైపు జవాబు. పెట్టెలో కొన్ని అరలు. చెప్పగలిగిన చీటీ తర్వాతి అరలోకి వెళ్లి అరుదుగా బయటికొస్తుంది, చెప్పలేకపోయింది మొదటి అరకు తిరిగొచ్చి రోజూ ఎదురవుతుంది. ఖాళీ చెప్పుల డబ్బా, పాత నోట్సు వెనక కాగితాలు ఉంటే చాలు, ఖర్చు లేదు. బస్సు కోసం నిలబడ్డ పది నిమిషాలు ఆ చీటీలకు సరిపోతాయి.

ఆ పది నిమిషాలకు పెద్ద పోటీదారు ఫోను. చిన్నప్పటి నుంచీ చదువునూ ఆటనూ మోసిన పి.వి. సింధు సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. బ్యాడ్మింటన్ అకాడమీ కోసం ఆమె రోజూ దాదాపు 56 కిలోమీటర్లు ప్రయాణించేదని అప్పట్లో పత్రికలు రాశాయి. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు ఫోన్ ఆమె దగ్గర లేదు. రజతం వచ్చాక తిరిగి ఇస్తానని కోచ్ గోపీచంద్ చెప్పాడు. ఒలింపిక్ క్రీడాకారిణికే ఫోన్ దూరంగా పెట్టాల్సి వచ్చిందంటే, పదిహేనేళ్ల పిల్ల దాన్ని పుస్తకం పక్కనే పెట్టుకుని గెలవాలనడం అన్యాయం. చదివే గంటలో ఫోను వేరే గదిలో ఉండాలి. ఆ గంటలో పెద్దవాళ్ల ఫోన్లు కూడా పక్కన పెడితే పిల్లకు మనసొప్పుతుంది.

అన్నిటికన్నా ముందు కోత పడేది నిద్రకు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రా వైద్యుల అకాడమీ 2016లో చెప్పింది. ఆ వయసులో శరీరమే నిద్రవేళను వెనక్కి జరుపుకుంటుంది. అందుకే సియాటిల్ నగరంలో అదే ఏడాది హైస్కూళ్లను 7.50 బదులు 8.45కి మొదలుపెట్టారు. పిల్లల మణికట్టుకు పరికరాలు కట్టి కొలిస్తే రోజుకు సగటున 34 నిమిషాల నిద్ర పెరిగినట్టు తేలింది. పగలు నేర్చుకున్నది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. పదకొండింటి దాకా చదివించి నాలుగున్నరకు లేపితే పిల్లకు దక్కేది ఐదున్నర గంటలు. అది క్రమశిక్షణ కాదు, నష్టం.

ఇందులో పిల్లలు తమంతట తాము చేయగలిగింది కొంతే. మిగతాది పెద్దల చేతుల్లో ఉంది. ప్రత్యేక తరగతి అంటే చెప్పిన పాఠమే మళ్లీ చెప్పడం కాకూడదు. అందులో సగం సమయం పిల్లలు పుస్తకం మూసి రాయడానికి, రాసింది అక్కడికక్కడే దిద్దడానికి ఇమ్మని ఉపాధ్యాయులకు మనవి. దానికి మార్కులు వేయనక్కర లేదు. తల్లిదండ్రులకు ఇంకో మనవి. "ఎంతసేపు చదివావు?" అని అడగడం మానేయండి. సబ్జెక్టు మీకు రాకపోయినా ఫరవాలేదు, పుస్తకం మీ చేతిలోకి తీసుకుని "ఈ రోజు పాఠం నాకు చెప్పు" అనండి. పదిహేను నిమిషాలు వినండి. పదింటికల్లా పడుకోనివ్వండి. సాయంత్రం ఒక గంట ఆటకో స్నేహితులకో వదిలేసి, ఆ గంటకు లెక్క అడగకండి.