గుర్తు చెప్పండి

"సార్, లొకేషన్‌కి వచ్చేశాను. ఇల్లెక్కడ?"

రోజుకొక్కసారైనా ఈ ఫోను వస్తుంది. మ్యాపులో చుక్క సరిగ్గా మా ఇంటి మీదే ఉంటుంది. పార్శిల్ తెచ్చిన కుర్రాడు మాత్రం వెనక గల్లీలో, మా వంటింటి కిటికీకి అవతల ఉంటాడు. తొంగి చూస్తే అతని హెల్మెట్ కనిపిస్తుంది కూడా. చెయ్యి చాపితే డబ్బా అందుతుందేమో అనిపిస్తుంది. మధ్యలో ప్రహరీగోడ. అది చుట్టి రావాలంటే రెండు మలుపులు, ఒక ట్రాన్స్‌ఫార్మరు, ఒక చిన్న పోచమ్మ గుడి దాటాలి. అక్కణ్ణుంచి నా విద్య మొదలవుతుంది.

దారి చెప్పడం కూడా ఒక విద్యేనా అని నవ్వకండి. హైదరాబాద్ చిక్కడపల్లిలో 30 ఏళ్లకు పైగా ఉంటున్నాను. ఈ పేటలో వంట రాకపోయినా బతకొచ్చు, మెస్సులున్నాయి. దారి చెప్పడం రాకపోతే మాత్రం చుట్టాలు రారు, గ్యాస్ బండ రాదు. మొదటిసారి అద్దె ఇల్లు వెతుక్కుంటూ వచ్చినప్పుడు మా మేనమామ "చిక్కడపల్లి కదరా, ఇల్లు చిక్కదు" అన్నాడు. ఆరోజు మూడు గంటలు తిరిగాక గానీ అది జోకు కాదని తెలియలేదు.

అసలు తిరకాసంతా ఇంటి నంబరులోనే ఉంది. మా చుట్టుపక్కల అందరి నంబర్లూ ఒకటితోనే మొదలవుతాయి. మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. వినడానికి లెక్క ముచ్చటగానే ఉంటుంది. ఆజమాబాద్‌లో సిగరెట్లు చేసే వీఎస్‌టీ ఫ్యాక్టరీది 1-7-1063/1065. ఎకరాల కొద్దీ ఉన్న ఫ్యాక్టరీకి ఆ మాత్రం పొడుగు నంబరుంటే ఉండనీండి. మూడు గదుల మా వాటాకు అంతకన్నా పొడుగుంది. పెంకుటింటి కాంపౌండును అన్నదమ్ములు పంచుకుంటే ఒక గీత. అందులో ఒకరు అమ్ముకుంటే కొన్నవాడికి మరో గీత. దాని మీద అపార్టుమెంటు లేస్తే ఏ, బీ, సీలు. ఆ గీతను మేం 'బై' అంటాం. నంబరులో ఎన్ని బైలుంటే ఆ ఇంట్లో అన్ని పంపకాలైనట్టు. కుటుంబ చరిత్ర చెప్పేయొచ్చు గానీ ఇల్లు పట్టుకోలేం. నంబర్లు వీధి వెంబడి వరసగా నడవవు మరి. మా పక్కింటి నంబరుకూ మా నంబరుకూ పొంతనే లేదు. మాకు తర్వాతి నంబరు ఇల్లెక్కడుందో ఇన్నేళ్లలో నేను చూడనేలేదు.

అందుకే ఇక్కడెవరూ నంబరు చెప్పరు. గుర్తు చెబుతారు.

ఈ విద్యలో నా గురువు మా గల్లీ మొదట్లో వేపచెట్టు కింద ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన. బొగ్గుల పెట్టె, తడిగుడ్డ, మూటకో రంగు దారం. మొన్న ఒక కొరియర్ కుర్రాడు బండాపి, "అన్నా, వన్ డ్యాష్ వన్ డ్యాష్..." అని మొదలుపెట్టాడు.

"నంబరు ఎవలకెర్క తమ్మీ, పేరు చెప్పు."

పేరు చెప్పాడు.

"ఏ సారు? బ్యాంకు సారా, కాలేజీ సారా?"

"తెల్వదన్నా. పార్శిల్ ఉంది."

"ఏం పార్శిలు?"

కుర్రాడు డబ్బా ఎత్తి చూపించాడు. ఈయన దాన్ని రెండు వేళ్లతో తట్టి చూశాడు. "పుస్తకాలు. గట్లయితే కాలేజీ సారే. బ్యాంకు సారుకు మందులొస్తయి."

ఆ తర్వాత ఆయన చేసిన పని గమనించాను. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, బండి చుట్టూ తిరిగొచ్చి, కుర్రాడి పక్కన నిలబడ్డాడు. ఇద్దరి మొహాలూ ఒకే దిక్కుకు. అప్పుడు చెయ్యి ఎత్తి, "సీదా పో. గా పచ్చ గేటు అవుపడ్తుందా? దాన్ని ఇడిసిపెట్టు. దాని ఎనక మెట్లు" అన్నాడు. ఎదురుగా నిలబడి చెబితే మన కుడి వాళ్లకు ఎడమవుతుంది. పక్కన నిలబడితే ఇద్దరిదీ ఒకటే కుడి. ఎన్నేళ్లుగానో దారులు చెబుతున్నాను, ఈ చిన్న ఉపాయం నాకు తట్టలేదు. ఇప్పుడు నేనూ అలాగే చేస్తున్నాను. అడిగినవాడు ఒక్కోసారి బెదిరి అర అడుగు జరుగుతాడు, అది వేరే సంగతి.

మా పేటలో దారి చెప్పే బాణీలు రెండు. ఆటో అన్నలదీ కిరాణా అన్నలదీ 'సీదా పోయి రైట్ కొట్టు' బాణీ. నాలుగే మాటలు, చేతిలో ఉన్న పని ఆగదు. రెండోది, ఎప్పుడో సర్కారు ఉద్యోగాల కోసం కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన ఇళ్లలో వినిపించే బాణీ. "తిన్నగా వెళ్లండి, కుడిచేతి వైపు మందుల షాపొస్తుంది, అక్కడ తిరక్కండి." తిరగకూడని చోట్లు కూడా వివరంగా చెప్పి, చివరికి "పోనీ, మంచినీళ్లు తాగి వెళ్తారా?" అంటారు. ఈ రెండూ వినీ వినీ నా మాట కలగాపులగమైంది. తిన్నగా పోయి రైట్ కొట్టమంటాను.

అడిగేవాళ్లూ రకరకాలు. సాయంత్రం ఆరయ్యేసరికి శాలువాలున్న సంచీ పట్టుకుని కనిపిస్తే అడగక్కర్లేదు, త్యాగరాయ గానసభకే. సన్మానం ఎవరికో తెలియకపోయినా దారి చెప్పొచ్చు. పొద్దున్నే వీపున బ్యాగుతో, చేతిలో నీళ్లసీసాతో కనిపిస్తే అశోక్‌నగర్ నగర కేంద్ర గ్రంథాలయానికి. లోపల కుర్చీ దొరకనివాళ్లు ఆవరణలో ఎక్కడ నీడుంటే అక్కడ కూర్చుని గ్రూప్స్ పరీక్షలకు చదువుతుంటారు. ఆదిలాబాద్ నుంచి గద్వాల దాకా ఏ జిల్లా యాస కావాలన్నా ఆ గేటు ముందు టీ బండి దగ్గర పావుగంట నిలబడితే చాలు. నోటిఫికేషన్ పడిందంటే మా గల్లీలో 'టు లెట్' బోర్డులు మాయమవుతాయి. పరీక్ష వాయిదా పడితే మెస్సుల్లో అన్నం మిగులుతుంది. ఏ పేపరూ చదవకుండానే ఉద్యోగాల సంగతి మాకు అలా తెలిసిపోతుంది.

ఆ పిల్లలు వచ్చిన రోజు దారి అడుగుతారు. పదోరోజుకల్లా ఇంకొకరికి దారి చెబుతుంటారు. ఈ పేటలో దారి అడిగితే విసుక్కున్నవాళ్లను నేను పెద్దగా చూడలేదు. ఎక్కువమంది ఎప్పుడో ఒకప్పుడు చేతిలో చీటీ పట్టుకుని దిగినవాళ్లేగా.

గురువుకు శిష్యుణ్ణే గానీ నాకో జబ్బుంది. పోయినవాటిని గుర్తుగా చెబుతాను.

కొన్నేళ్ల కిందట మా పెద్దమ్మ కొడుకు సూర్యాపేట నుంచి వచ్చాడు. మోకాళ్ల నొప్పి మనిషి, చేతిలో ఆవకాయ జాడీ. "అన్నయ్యా, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దిగి సుదర్శన్ 70 ఎంఎం దగ్గర నిలబడు, నేనొస్తా" అన్నాను. సుదర్శన్ 70 ఎంఎం పడగొట్టి అప్పటికి చాలా ఏళ్లయింది. పక్కనే ఉండే 35 ఎంఎం మాత్రం మిగిలింది. నా కంటికి రెండూ ఉన్నట్టే. ఆయన 35 ముందు దిగాడు. ఆరోజు అక్కడ కొత్త సినిమా, కటౌట్‌కు పాలాభిషేకం, డప్పులు. తమ్ముడు 70 అన్నాడు కదా, ఇది కాదనుకుని ఎవరో కుర్రాణ్ణి "బాబూ, 70 ఎంఎం ఎక్కడ?" అని అడిగాడు. "ఏది అంకుల్? దేవి 70 ఉంది, సంధ్య 70 ఉంది" అన్నాడట ఆ అబ్బాయి. అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అన్నయ్య ముందు దేవికీ, తర్వాత సంధ్యకూ వెళ్లాడు. నేను లేని థియేటరు ముందు నిలబడి ఆయన కోసం చూస్తున్నాను. 40 నిమిషాలు. కనిపించాక జాడీ నా చేతిలో పెట్టి, "ఉన్నవి చెప్పరా నాయనా. పోయినవాటి సంగతి ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం" అన్నాడు.

అప్పట్నుంచి జాగ్రత్తగానే ఉంటున్నాను. అయినా ఉన్న గుర్తులూ ఒకేలా ఉండిపోవు. 'సంధ్య ఎదురుగా' అనడం మాకు ఊపిరి తీసుకున్నంత మామూలు మాట. 2024 డిసెంబరు 4 రాత్రి ప్రీమియర్ షోకు వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఒక తల్లి ప్రాణం పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లు సంధ్య పేరెత్తితే అవతలివాళ్లు క్షణం ఆగి, "ఓ, ఆ సంధ్యా" అనేవాళ్లు. నేను గుర్తు మార్చి, మెట్రో స్టేషన్ మెట్లని చెప్పడం మొదలుపెట్టాను.

మెట్రో వచ్చింది 2020 ఫిబ్రవరిలో. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక స్టేషను, చిక్కడపల్లిలో ఒకటి. దానితో మాకు కొత్త లెక్క వచ్చింది, పిల్లరు నంబర్లు. ఇంటి నంబర్లలా కాదు, ఇవి ఒకదాని తర్వాత ఒకటి బుద్ధిగా వరసలో ఉంటాయి. కుర్రాళ్లంతా పిల్లరు నంబరుతోనే దారి చెబుతారు. సిమెంటు స్తంభాన్ని ఆనవాలుగా చెప్పడం నాకు మొదట్లో నచ్చలేదు. కానీ అన్నయ్య మాట గుర్తొస్తుంది. పిల్లరు ఉన్నదే కదా.

ఆ తర్వాత 2023 ఆగస్టులో ఇందిరాపార్కు నుంచి వీఎస్‌టీ దాకా స్టీల్ బ్రిడ్జి తెరిచారు. క్రాస్‌రోడ్స్‌లో అది మెట్రో లైను మీదుగా పోతుంది. కింద బస్సులు, వాటిపైన రైలు, ఆపైన కార్లు. వీఎస్‌టీ కార్మిక సంఘంలో పనిచేసి హోంమంత్రి దాకా ఎదిగిన నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. పేరు తగినదే, బ్రిడ్జీ మంచిదే, పైన వెళ్లేవాళ్లకి. పైకెక్కినవాడికి అశోక్‌నగర్ లేదు, క్రాస్‌రోడ్స్ లేదు, బిర్యానీ వాసన లేదు. ఇందిరాపార్కు తర్వాత అతనికి తగిలే ఊరు వీఎస్‌టీయే. మా ఇంటికి రావాల్సిన పెళ్లివారు ఒకసారి అలా మా నెత్తిమీంచే వెళ్లిపోయారు. ఇప్పుడు ఫోనెత్తగానే నేనడిగే మొదటి ప్రశ్న, "పైనున్నారా, కిందున్నారా?"

పోయిన వారం ఇస్త్రీ ఆయన ఊళ్లో పండగని పదిరోజులకు వెళ్లాడు. బండికి నీలం టార్పాలిన్ కప్పి, తాడుతో నాలుగు చుట్లు చుట్టి పోయాడు. మొదటిరోజే బ్యాంకు సారు మందులు మాకొచ్చాయి. రెండోరోజు నా పుస్తకాలు ఎక్కడికో వెళ్లి, సాయంత్రానికి ఎవరో పిల్లాడి చేతికిచ్చి పంపించారు. మూడోరోజు ఎవరింట్లోనో తద్దినానికి వచ్చిన పురోహితుడు మా గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే మా ఆవిడ నా వైపు చూసింది. వెళ్లి ఆ చెట్టు కింద నిలబడకూడదా అన్నట్టు.

నాలుగోరోజు మధ్యాహ్నం ఫోను మోగింది. "సార్, లొకేషన్ దగ్గర్లోనే ఉన్నా. ఏదన్నా గుర్తు చెప్పండి."

"పైనా, కిందా?"

"కిందే సార్."

"గల్లీ మొదట్లో వేపచెట్టు ఉంటుంది. దాని కింద నీలం టార్పాలిన్ కప్పిన బండి. దాని పక్కన కళ్లజోడు పెట్టుకుని, లుంగీలో ఒకాయన నిలబడి ఉంటాడు. ఆయన్నడుగు, చెబుతాడు."

ఫోను పెట్టేసి, కళ్లజోడు వెతుక్కుని, కిందికి దిగాను.