తోకచుక్క లెక్క

1651 నవంబరు 3 పొద్దున్నే సూరత్‌లో జెరెమయ్యా షేకర్లీ అనే పాతికేళ్ళ ఇంగ్లీషు యువకుడు సూర్యుడి వైపు దుర్భిణి ఎత్తాడు. ఆ రోజు బుధుడు సూర్యబింబానికి అడ్డంగా దాటిపోతాడని అతను ముందే లెక్క కట్టాడు. అప్పటికి ఇంగ్లండ్‌లో ఇంకా తెల్లవారదు, సూరత్‌లో అయితే కనబడుతుంది. అనుకున్నట్టే కనబడింది. 1631లో పారిస్‌లో ఖగోళ శాస్త్రజ్ఞుడు గసెండి చూశాక, బుధుడి దాటుడును మళ్ళీ చూసింది ఇతనే. మన దేశంలో ఆకాశం కోసం దుర్భిణి వాడిన తొలి సందర్భంగా చరిత్రకారులు దీన్నే చెబుతారు.

మరుసటి ఏడాది చివర వచ్చిన తోకచుక్కను కూడా షేకర్లీ సూరత్ నుంచే చూశాడు. ఆఫ్రికా దక్షిణ కొసన వాన్ రీబేక్ నెలకొల్పిన డచ్చి స్థావరం దినచర్యలోనూ 1652 డిసెంబరులో ఆ తోకచుక్క ప్రస్తావన ఉంది. డాంజిగ్‌లో ఖగోళ శాస్త్రజ్ఞుడు హెవేలియస్ దాన్ని ఏ రాత్రికా రాత్రి కొలిచాడు. ఒకే తోకచుక్కను మూడు చోట్ల చూశారు. అయితే చూడడం వేరు, లెక్కకు పనికొచ్చేలా చూడడం వేరు. బుధుడి విషయంలో షేకర్లీ దాటుడు మొదలైన క్షణాన్ని గానీ ముగిసిన క్షణాన్ని గానీ నమోదు చేయలేకపోయాడు. అందుకే అంత అరుదైన దృశ్యం శాస్త్రానికి పెద్దగా అక్కరకు రాలేదు. సూరత్ అంటే మనకు జరీ, మరమగ్గాలు, బతుకుతెరువుకు వెళ్ళిన తెలంగాణ నేత కుటుంబాలు గుర్తొస్తాయి. తోకచుక్కల చరిత్రలో కూడా ఆ ఊరికి చోటుందన్నది తెలుసుకోదగ్గ సంగతి.

పంచాంగం తెరిస్తే గ్రహాల సంచారమంతా ఉంటుంది, తోకచుక్కకు మాత్రం గడి ఉండదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో కేతువుల (అంటే తోకచుక్కల) ఉదయాస్తమయాలు గణితానికి అందవని రాశాడు. ఆరో శతాబ్దానికి అది నిజాయతీ గల మాట. ఫలానా రోజు వస్తుందని ఆనాడు ఎవరు చెప్పినా అది వట్టి ఊహే అయ్యేది. గణితానికి అందించడానికి న్యూటన్ సూత్రాలు కావాలి, వాటిమీద హేలీ ఓపిక కావాలి. 1705లో హేలీ 24 తోకచుక్కల కక్ష్యలను పట్టిక వేశాడు. అందులో 1652 నాటిది కూడా ఉంది. 1531, 1607, 1682 వరసలను పక్కపక్కన పెట్టి చూస్తే అంకెలు దాదాపు ఒక్కలాగే ఉన్నాయి. మూడుసార్లూ వచ్చింది ఒకటేనని, 1758 ప్రాంతంలో మళ్ళీ వస్తుందని అతను తేల్చాడు. 1758 క్రిస్మస్ రాత్రి అది కనబడింది, చూడడానికి హేలీ లేడు. అదే 1910లో మనవాళ్ళనూ పలకరించింది. జనం భయపడుతుంటే గురజాడ ముత్యాల సరములులో దాన్ని భూమికి దూరపు చుట్టంగా చూపాడు.

కక్ష్య లెక్కకు కావలసింది తేలిగ్గానే చెప్పొచ్చు. సూర్యుడికి ఎంత దగ్గరగా వస్తుంది, ఏ రోజు వస్తుంది, దారి ఎంత సాగి ఉంది, ఆ దారి ఎటు ఎంత వాలి ఉంది - అన్నీ కలిపి ఆరు అంకెలు. ఒకసారి చూస్తే ఆకాశంలో దాని దిక్కు చెప్పే రెండు కోణాలు దొరుకుతాయి, దూరం దొరకదు. కాబట్టి కనీసం మూడు వేర్వేరు రాత్రుల స్థానాలు కావాలి. మూడుతో వచ్చేది చిత్తు కక్ష్య. రోజులు గడిచి కొలతలు చేరేకొద్దీ అది మెరుగవుతుంది.

ఆ స్థానాన్ని దేన్ని బట్టి కొలుస్తారు? చుట్టూ ఉన్న నక్షత్రాలను బట్టి. అంటే ముందుగా నక్షత్రాల స్థానాలు పక్కాగా తెలిసి ఉండాలి. ఇక్కడ మన హైదరాబాదు చేసిన పని చాలామందికి తెలియదు. నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా వేధశాల ప్రపంచంలోని పలు వేధశాలలు పంచుకున్న ఆకాశపు ఫొటో పట్టికలో తన వాటా తీసుకుని, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను అద్దపు ప్లేట్ల మీంచి కొలిచింది. పేరు రాని పని, ఏళ్ళ తరబడి సాగిన పని. నాకైతే తోకచుక్క కనిపెట్టడం కంటే ఇదే గొప్పగా తోస్తుంది. నేడు గయా ఉపగ్రహం పట్టిక ఆ స్థానంలో ఉంది, సూత్రం మాత్రం అదే.

నిజామియా వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కొడుకే ఖగోళ శాస్త్రజ్ఞుడు వైను బప్పు. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్ళాడు. 1949 జూలై 2 రాత్రి తీసిన ప్లేటు మీద తోకచుక్కను పట్టాడు. అది బప్పు-బాక్-న్యూకిర్క్ పేరుతో నిలిచిపోయింది. తర్వాత లెక్క వేస్తే ఒక చుట్టు తిరిగిరావడానికి సుమారు 60,000 ఏళ్ళని తేలింది.

దారి ఇంత కచ్చితంగా చిక్కాక కూడా వెలుగు మాత్రం చిక్కదు. సూర్యుడికి సగం దూరానికి వచ్చిన బండరాయి మీద నాలుగింతల వెలుగు పడుతుంది. తోకచుక్క మంచు ఆవిరై ధూళిని కూడా ఎగజిమ్ముతుంది గనక సాధారణంగా పదహారింతలు వెలుగుతుందని ఒక అంచనా. అంచనాలు తప్పుతూనే ఉంటాయి. 2013లో ఐసాన్ తోకచుక్క మీద అందరూ ఆశ పెట్టుకున్నారు, సూర్యుణ్ణి చుట్టివచ్చే లోపే అది ఛిద్రమైంది. 2007 అక్టోబరులో హోమ్స్ తోకచుక్క సూర్యుడికి దూరంగా పోతూ ఉండగానే, రెండు రోజుల్లోపు సుమారు ఐదు లక్షల రెట్లు వెలిగి మామూలు కంటికే కనబడింది. పైగా ఎగిసే ఆవిరి తోకచుక్కను తనకు ఎదురు దిశలో తోస్తుంది. ఎంకె తోకచుక్క ఒకప్పుడు ప్రతి చుట్టుకూ సుమారు రెండున్నర గంటలు ముందే రావడానికి కారణం ఈ తోపుడే. అంటే వెలుగు లెక్క తెలియకపోతే దారి లెక్క కూడా పూర్తి కాదు.

ఇక్కడే మామూలు మనిషికి పని ఉంది. పెద్ద దుర్భిణులు చాలావరకు ఆకాశంలో చిన్న ముక్కనే చూస్తాయి. వెడల్పుగా పరుచుకున్న తలను, అందులోనూ సంధ్యవేళ దిగంతం దగ్గర ఉన్నదాన్ని, అంచనా వేయడానికి బైనాక్యులరే నయం. సిడ్జ్‌విక్ పద్ధతి అలవాటైతే కష్టం కాదు. ముందు ఫోకస్ సరిగ్గా పెట్టి తల వెడల్పును, వెలుగును మనసులో పట్టుకోవాలి. తర్వాత మాగ్నిట్యూడ్ (వెలుగు అంకె) తెలిసిన నక్షత్రం వైపు తిప్పి, అది అంతే వెడల్పున మసగ్గా పరుచుకునేదాకా ఫోకస్ చెడగొట్టాలి. 6.0 నక్షత్రం కంటే తోకచుక్క మసకగా, 6.8 దానికంటే కాంతిగా, సరిగ్గా నడిమధ్యన ఉందనిపిస్తే 6.4 అని రాయాలి. అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు, మరిచిపోకూడదు. పోల్చే నక్షత్రం కూడా దాదాపు తోకచుక్క ఉన్నంత ఎత్తులోనే ఉండాలి. దిగంతం దగ్గర గాలి ఒక మాగ్నిట్యూడ్, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే మింగేస్తుంది.

2024 అక్టోబరు నడుమ త్సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క సాయంత్రాల్లో పడమటన, శుక్రుడికీ స్వాతి నక్షత్రానికీ మధ్య కనబడింది. ఫోన్లలో లక్షల ఫొటోలు తీశారు. అక్టోబరు 15 రాత్రి 7 గంటలకు సూరత్ డుమస్ తీరాన నిలబడి చూసినవాడు తీసిన ఫొటో అందంగానే ఉంటుంది. దాని పక్కన "అక్టోబరు 15.56" అని ప్రపంచ కాలంలో రాసి - మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేస్తే 13.30, రోజులో 0.56 వంతు - మాగ్నిట్యూడ్, తల వెడల్పు, తోక పొడవు, వాడిన పరికరం చేరిస్తే అది కొలత అవుతుంది. స్లొవేనియాలోని చర్ని వర్హ్ వేధశాల వాళ్ళు నడిపే కాబ్స్ (COBS) అనే తోకచుక్కల పరిశీలనల భాండాగారం ఇలాంటి నమోదులను ఏ దేశం వారినుంచైనా తీసుకుంటుంది. వెతికినా కనబడకపోతే, ఆ రాత్రి తమకు కనబడిన అతి మసక నక్షత్రం మాగ్నిట్యూడ్ రాసి "దీనికంటే మసక" అని పంపినా తీసుకుంటారు.