'ఇఱ్ఱి' శబ్దార్థ విచారము

'ఇఱ్ఱి' యను ప్రాచీన పదమునకు మన నిఘంటువులలో 'మగలేడి' యనియు, సామాన్యముగా 'లేడి' యనియు రెండర్థములు గానవచ్చును. వీనిలో మూలార్థ మేది? రెండవదానినే గ్రహించి ఇఱ్ఱి, లేడి, జింక, దుప్పి యన్నియు నొకటే యనుకొనుట నేడు వాడుకయైనది. ఇది విచారణీయము.

ముందుగా సోదరభాషల సాక్ష్యమును జూతము. తమిళమున 'ఇరలై', కన్నడమున 'ఎరళె' కలవు. తొల్కాప్పియము మరబియల్‌లో జంతువుల పుంవాచకములను పేర్కొనుచు 'కలై'తోపాటు 'ఇరలై'ని గూడ చేర్చినది. కావున మగమృగమను నర్థము మన కోశకారుల కల్పన గాదు, బహుప్రాచీనము. కన్నడమున ఎరళె జాతిమాత్రవాచియై వ్యాపించినట్లే, తెలుగునను అర్థవ్యాప్తి తరువాత గలిగినదని చెప్పుట యుక్తము.

తమిళమున నున్నది లఘురేఫము గదా, మనకు 'ఱ్ఱ' యెట్లు వచ్చెనని యాక్షేపింపవచ్చును. తమిళ 'కుదిరై', కన్నడ 'కుదురె'లకు మన 'గుఱ్ఱము'ను సరిపోల్చినచో సమాధానము దొరకును. అక్కడ లఘురేఫ మున్నను, పదము సంకోచించినపుడు మనకు 'ఱ్ఱ' యేర్పడినది.

ఇఱ్ఱి నల్లనిది గనుక చీకటిని దెలుపు 'ఇరుళ్' నుండి పుట్టినదనుట వినసొంపుగా నుండును. కాని కన్నడమున 'ఇరుళ్' నందు ఇకారము నిలిచినది. 'ఎరళె' యందు ఎకారమైనది. తరువాతి యక్షరమున నున్న అకారమే యీ భేదమునకు గారణము. 'ఇరుళ్' లో నున్నది ఉకారము. ధ్వనిసామ్యము మాత్రమున రెంటిని ముడివెట్టరాదు.

ప్రకృతియు నీ యర్థమునకే సాక్షి. కృష్ణజింకలలో ముదిరిన మగదానికి నల్లని మేను, మెలిదిరిగిన కొమ్ములు. ఆడుది గోధుమవన్నెది, సాధారణముగా కొమ్ములు లేనిది. చూపునకు రెండు జాతులవలె దోచు వీనికి వేఱు పేళ్లుండుట సహజము. దుప్పికొమ్ము లేటేట రాలును, దీని కొమ్ములు రాలవు. కృష్ణాజినమును 'ఇఱ్ఱితోలు' అనుటలోని యౌచిత్యము గూడ నిందువలననే తెలియును.

కాబట్టి కావ్యములలో ఇఱ్ఱియు లేడియు నొకచో గనబడినపుడు పునరుక్తి యని తలపక, దంపతులుగా గ్రహింపదగును. కన్నడ తమిళ దేశములలో తరతరములుగా నున్న మనకు ఎరళె, ఇరలై యను మాటలు పొరుగింటివి. వానిని వినుచు మన ఇఱ్ఱిని మఱచుట తగదు.