చేల రస్తాకు గ్రేడు వేసేవాళ్లు
ఆదోని, జమ్మలమడుగు వైపు నల్లరేగడి చేలల్లోకి పోయే బండి రస్తా ఎండాకాలం రాయిలా గట్టిగా ఉంటుంది. గట్టి వాన ఒక్కటి పడితే ట్రాక్టర్ కూడా దిగబడుతుంది. ఉపగ్రహ చిత్రం ఈ సంగతి చెప్పదు. 2004లో మొదలైన ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో స్వచ్ఛందంగా దారులు గీసేవాళ్ల పనితనం తెలిసేది ఇక్కడే. ఊరికీ ఊరికీ మధ్య చిన్న దారైతే, మట్టిదైనా సరే, పటంలో దాని రకం ‘అన్‌క్లాసిఫైడ్’. చేలకు మాత్రమే పోయేదైతే ‘ట్రాక్’. దాని గట్టిదనాన్ని బట్టి 1 నుంచి 5 దాకా గ్రేడ్లు. వట్టి మెత్తటి మన్ను ఐదోది. నేల చూడకుండా, రైతును అడగకుండా గ్రేడు వేయనివాళ్లంటే నాకెంతో గౌరవం. వానాకాలం రాత్రి అంబులెన్సు ఆ రస్తాలో ఇరుక్కోకుండా కాపాడేది ఆ ఒక్క అంకె కావచ్చు. మీ చేని దారి సంగతి మీకే బాగా తెలుసు. పటంలో మీరే నమోదు చేయండి.