కూలిన యాప్ కారణం పట్టేవాళ్లు

యాప్ ఉన్నట్టుండి మూసుకుపోతే ఫిర్యాదు రాసేవాళ్లు అరుదు. చాలామంది విసుగొచ్చి తీసేస్తారు. వాళ్లు చెప్పకుండా వదిలేసిన కారణాన్ని వెలికితీసేదే క్రాష్ రిపోర్టింగ్.

ఇందుకు వాడే సాధనాల్లో ఒకటిగా 2011లో అమెరికాలో పుట్టిన క్రాష్‌లిటిక్స్‌ను 2013లో ట్విట్టర్, 2017లో గూగుల్ కొన్నాయి. ఇప్పుడది గూగుల్ యాప్ తయారీ వేదిక ఫైర్‌బేస్‌లో భాగం. యాప్ కూలే క్షణంలో ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో, ఫోన్ మోడల్ ఏదో, మెమరీ ఎంత మిగిలిందో ఫోన్‌లోనే రాసిపెట్టుకుని, సాధారణంగా యాప్ మళ్లీ తెరిచినప్పుడు పంపుతుంది.

అసలు నేర్పు ఆ తర్వాతే. ఆండ్రాయిడ్‌లో విడుదలకు ముందు కోడ్‌ను కుదిస్తే ఫంక్షన్ల పేర్లు ఎ, బి, సిలుగా మారిపోతాయి. సరిగ్గా ఆ బిల్డ్‌కు చెందిన మ్యాపింగ్ ఫైల్ ఉంటేనే అసలు పేర్లు తిరిగి దొరుకుతాయి. ప్రతి విడుదలకూ మరవకుండా దాన్ని ఎక్కించే ఇంజినీరు శ్రద్ధను ఎంత మెచ్చుకున్నా తక్కువే!

మరి కూలకుండా నత్తనడక నడిచే యాప్ సంగతి? వేలు తాకాక 5 సెకన్లలో స్పందన లేకపోతే ఆండ్రాయిడ్ దాన్ని ఏఎన్ఆర్‌గా (అప్లికేషన్ నాట్ రెస్పాండింగ్) లెక్కిస్తుంది. 60 హెర్ట్జ్ తెరపై ఒక్కో ఫ్రేముకు దక్కేది సుమారు 16 మిల్లీసెకన్లే; అది దాటితే తెర తడబడుతుంది. ఆఫీసులోని ఖరీదైన ఫోన్‌లో కనబడని ఈ జాప్యం, తక్కువ మెమరీ ఉన్న ఫోన్ వాడే మనిషిని రోజూ సతాయిస్తుంది. పర్‌ఫార్మెన్స్ మానిటరింగ్ ఆ మనిషి పడే ఇబ్బందిని అంకెల్లో ఇంజినీరు ముందు పెడుతుంది.