తీన్మార్ నవ్వులో మనమెక్కడ?

మేడిపల్లి చుట్టుపక్కల ఊళ్లలో రాత్రి బువ్వ వేళకు తీన్మార్ వార్తలు పెట్టని ఇల్లు ఒకప్పుడు తక్కువ. పెండ్లి ఊరేగింపులో మోగే దెబ్బ పేరునే వీ6 ఛానెల్ తన వార్తలకు పెట్టుకుంది. సావిత్రిగా శివజ్యోతి, బిత్తిరి సత్తిగా చేవెళ్ల రవికుమార్ మన ఇండ్లలోకి అట్లనే వచ్చారు.

దీన్ని ఉత్త కామెడీ అని కొట్టిపారేసేవారితో మేము ఏకీభవించం. ఎర్ర పట్టీలు, అరుపులు, కోటు వేసుకున్న యాంకరు, "మా ప్రతినిధి అందిస్తారు" అనే తంతు. టీవీ వార్తల ఈ వేషాన్నంతా అది విప్పి చూపింది. అంతకన్నా పెద్ద పని సావిత్రి చేసింది. సినిమాలో నౌకరుకో రౌడీకో ఇచ్చే తెలంగాణ మాటతో కుర్చీలో కూర్చొని, తడబడకుండా వార్త చదివింది. సత్తి అదే మాటను బిత్తిరి చూపులతో మాట్లాడాడు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క గుర్తొస్తారు. కేతిగాడు తిక్కగా అడుగుతాడు కాబట్టే దొరను కూడా అడగగలడు. అయినా బడిపిల్లలు సత్తిని అనుకరించినంతగా సావిత్రిని అనుకరించలేదు. మన యాస అంటే నవ్వొచ్చే యాస అనే పాత లెక్క అక్కడ సగమే చెరిగింది.

అమెరికాలో 1975 జూలై 4న యాంట్ ఫార్మ్ అనే కళాకారుల బృందం మండుతున్న టీవీ పెట్టెల గోడలోకి కారు తోలింది. చూడవచ్చిన స్థానిక ఛానెళ్ల వార్తల్నే తమ వీడియో 'మీడియా బర్న్'లో కలిపేసింది. వెక్కిరించే టీవీ బయటే ఉండి చేసిన పని అది. మన దగ్గర వెక్కిరింత టీవీ లోపలే పుట్టింది, దానికీ రేటింగ్ కావాలి. 2019లో సత్తి టీవీ9కు వెళ్లాడు. తెలుగులో ఇరవైనాలుగు గంటల వార్తల తంతును 2004లో మొదలుపెట్టిన ఇల్లు అదే. వెక్కిరింతకు జీతం ఇచ్చేది ఎవరో చూస్తే దాని పదును ఎంతో తెలుస్తుంది.

ఇక మన సంగతి. ఆదివాసీ గూడేనికి కెమెరా ఎప్పుడొస్తుంది? కేస్లాపూర్ నాగోబా జాతరకు, వానాకాలం జ్వరాలకు, పులి కనబడితే. జాతరైతే 'వింత ఆచారం' అని రాస్తారు. గుస్సాడీ కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు కూడా ఆయన ఆటను చూసినంతగా మేము ఆయన మాటను వినలేదు. రాజకీయ నాయకుడి వార్తకు పేరడీ ఉంది గాని, ఈ 'వింత ఆచారం' వార్తకు పేరడీ మాకు కనబడలేదు. తెలంగాణ తెలుగు కుర్చీ ఎక్కింది, మంచిదే. గోండి, కొలామి ఇంకా గడప బయటే ఉన్నాయి.

స్టూడియో లేకపోతే ఏంది అని అడగడానికి మన జిల్లాలోనే ఒక ఊరుంది. మల్యాల మండలం లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్, అనిల్, గంగవ్వ 'మై విలేజ్ షో' తీశారు. అది వార్తల పేరడీ కాదు. అందులో సాగదీత ఉంది, పాత హాస్యమూ ఉంది. కాని కెమెరా ఊరిది, ఎక్కడ నవ్వాలో తేల్చేది ఊరే. పొలం పనులు చేసుకున్న గంగవ్వ ఎవరికోసమూ మాట మార్చుకోలేదు.

మా తరగతిలో ఒకసారి పిల్లలకు పని ఇచ్చాం: పట్నం మీద 'వింత ఆచారం' వార్త రాయండి అని. ఇంట్లో గోండి మాట్లాడే పిల్ల ఒకతి లేచి చదివింది: "ఈ తెగవారు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రోడ్డు మీద గంటసేపు కదలకుండా నిలబడతారు. హారన్ వాయిస్తారు. దీనివెనుక ఏ నమ్మకం ఉందో తెలియరాలేదు." తరగతంతా పగలబడి నవ్వింది. దీన్నే ఫోనులో గోండిలో తీద్దామన్నారు. బ్రేకింగ్ న్యూస్‌కు గోండిలో ఏమనాలనే దగ్గర పంచాయితీ పడింది. ఇంట్ల పెద్దోళ్లను అడిగి వస్తామని పోయారు.